ఊరి ఇంగ్లీషు యాస: తెలుగు నోటికి ఏది చుట్టం, ఏది పరాయి

ఇంగ్లీషు యాస మార్చుకోవాలనుకునే తెలుగువాళ్ళు మొదట పట్టుకునేది లండన్ వార్తల గొంతునో, అమెరికా టీవీ గొంతునో. ఉండేది గ్లాస్గోలోనో, లీడ్స్‌లోనో, ఐర్లండ్‌లోని కార్క్‌లోనో అయినా సరే. దీనివల్ల రెండు నష్టాలు. చుట్టుపక్కల ఎవరూ అలా మాట్లాడరు కాబట్టి రోజంతా చెవిన పడే ఇంగ్లీషు సాధనకు అక్కరకు రాదు. పైగా ఆ లండన్ యాస తెలుగు నోటికి బాగా దూరం. స్కాట్లాండ్, ఐర్లండ్, వేల్స్, ఉత్తర ఇంగ్లండ్ యాసల్లో మన నోట్లో ముందునుంచీ ఉన్న శబ్దాలు బోలెడున్నాయి. వాటినే తప్పులనుకుని ఏళ్ళ తరబడి దిద్దుకుంటూ ఉంటాం.

ఇక్కడ యాస అంటున్నది పలికే తీరును మాత్రమే. స్కాట్లాండ్‌లో చిన్నదాన్ని "వీ" అనడం, ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఏమీ లేదనడానికి "నౌట్" అనడం మాండలికం కిందికొస్తాయి. మాటలు ఒక్కరోజులో ఎత్తుకోవచ్చు కాబట్టి అందరూ వాటితోనే మొదలుపెడతారు, అక్కడే వికటిస్తుంది. మిగతా ఉచ్చారణంతా మన పద్ధతిలో నడుస్తూ మధ్యలో ఒక్క "వీ" పడితే వినేవాళ్ళకి వెక్కిరిస్తున్నట్టుంటుంది. ముందు శబ్దాలు కుదరనివ్వండి. మాటలు ఆరు నెలలు ఆగినా పోయేదేం లేదు.

ఎవరి గొంతు పట్టాలి

"స్కాటిష్ యాస" అని అచ్చంగా ఒకటే ఉండదు. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్, సండర్లాండ్ పక్కపక్క ఊళ్ళే. రెండు యాసలూ ఒకటే అని అక్కడ అని చూడండి, ఒప్పుకోరు. ఒకే ఊళ్ళో కూడా వయసును బట్టి, చేసే పనిని బట్టి పలుకు మారుతుంది. అందుకని ఊరు తేల్చుకున్నాక అందులో ఒక మనిషిని ఎంచుకోవాలి: మీ వయసుకు అటూ ఇటూగా, మీలాంటి పని చేసేవాళ్ళు. స్థానిక రేడియోలోనో పాడ్‌కాస్ట్‌లోనో కాగితం చూడకుండా మాట్లాడిన మూడు నిమిషాల ముక్క చాలు. హాస్యనటుల ముక్కలొద్దు, వాళ్ళు నవ్వు కోసం యాసను రెండింతలు చేస్తారు. వేరే ఊరి పాత్ర వేస్తున్న సినిమా నటులసలు వద్దు.

ఏదీ దొరక్కపోతే ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న "ఇంటర్నేషనల్ డయలెక్ట్స్ ఆఫ్ ఇంగ్లీష్ ఆర్కైవ్" ఉంది, వినడం ఉచితం. చాలా రికార్డింగుల్లో మనిషి ముందు ఒక నిర్ణీత పాఠం చదివి, తర్వాత తన గురించి మామూలుగా మాట్లాడతాడు. చదివిన భాగం రెండు ఊళ్ళను పోల్చుకోవడానికి పనికొస్తుంది. అనుకరించాల్సింది మాట్లాడిన భాగాన్ని.

చుట్టాలు

మొదటి చుట్టాలు ఏ, ఓ. "మేడ" అన్నప్పుడు ఏ మొదటినుంచి చివరిదాకా నాలుక కదలదు. లండన్ యాసలో "డే" అంటే ఎ దగ్గర మొదలై ఇ వైపు జారుతుంది, "గో" అ దగ్గర మొదలై ఉ వైపు జారుతుంది. ఈ జారుడు నేర్పడానికి ఉచ్చారణ పాఠాల్లో బోలెడు సమయం పోతుంది. స్కాట్లాండ్‌లో, యార్క్‌షైర్‌లో, వేల్స్‌లో చాలాచోట్ల అసలా జారుడే లేదు. మన "మేడ"లోని ఏ, "కోట"లోని ఓ దాదాపు సరిపోతాయి. దాదాపు అనడం ఎందుకంటే యార్క్‌షైర్ "ఓ"కి నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది. దవడ కొద్దిగా దించి "కోట" అంటే దగ్గరకొస్తుంది.

రెండోది త, ద. "థింక్" అనే మాటలో నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టి గాలి వదలాలని అన్ని పుస్తకాలూ చెబుతాయి. ఐర్లండ్‌లో చాలామంది అలా పలకరు. నాలుకను పైపళ్ళ వెనకకి ఆనించి వదిలేస్తారు, అంటే మన "తల"లో త. "దిస్", "దట్"లకి మన ద. అయితే దీనితోపాటు ఇంకోటి సరిగ్గా పడాలి. సన్నగా అనే అర్థమున్న "థిన్"ని "తిన్" అంటే, లోహం పేరైన "టిన్"లో ట వేరుగా వినిపించాలి. మన ట నాలుకను వెనక్కి మడిచి పలికేది, ఇంగ్లీషు ట పైపళ్ళ వెనకుండే చిగురు గట్టు మీద పలికేది. "స" అనండి, ఆపండి. ఇప్పుడు నాలుక కొస ఏ గట్టుకి దగ్గరగా ఉందో అక్కడే ఆనించి ట అనండి. ఇది త, ట రెండింటికీ మధ్య పడుతుంది. మన చెవికి మొదట్లో ఇదీ మన ట లాగే అనిపించొచ్చు, రెండు వారాల్లో విడిగా వినపడ్డం మొదలవుతుంది. ఈ చిగురు ట, చిగురు డ ఏ ఊరి యాసకైనా అవసరమే. భారతీయ ఇంగ్లీషని ఒక్క మాటలో పసిగట్టించేది మడిచిన ట.

మూడోది ర. స్కాట్లాండ్‌లో అచ్చుల మధ్య ర చాలాసార్లు మన "మర"లోని ర లాగే ఒక్క తాకుడుతో పోతుంది. సినిమాలు చూసి "ర్ర్ర్" అని దొర్లించేవాళ్ళుంటారు. మామూలు సంభాషణలో అంత దొర్లింపు అరుదు. అమెరికాలో ఇదే తాకుడు ఇంకోచోట దొరుకుతుంది: "వాటర్", "బెటర్"లలో మధ్య ట స్థానంలో. అక్కడ మధ్యలో మన ర పెట్టి, చివరి ర మాత్రం నాలుక దేన్నీ తాకకుండా లోపలికి ముడుచుకుని పలకాలి. ఒకే మాటలో రెండు రకాలు. మనవాళ్ళు రెండింటినీ తాకించేస్తారు, అందుకే తేడా కొడుతుంది.

వేల్స్‌లో ద్విత్వం కూడా దొరుకుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగులో రెండు అక్షరాలుంటే మనం "హ్యాప్పీ", "బట్టర్" అని ఒత్తి పలుకుతాం. మిగతా యాసల్లో అది తప్పు. వేల్స్‌లో మాత్రం నొక్కిన పొట్టి అచ్చు తర్వాత వచ్చే హల్లు నిజంగానే సాగుతుంది. స్పెల్లింగుతో పనిలేకుండా, "మనీ" లాంటి మాటల్లోనూ.

హ్రస్వదీర్ఘాలు తెలిసిన చెవి స్కాట్లాండ్‌లో బాగా పనికొస్తుంది. అక్కడ ఈ, ఊ లాంటి అచ్చులు మామూలుగా పొట్టివి. ర ముందు, వ, జ్ లాంటి నాదమున్న (అంటే గొంతు అదిరే) ఊదుడు హల్లుల ముందు, మాట చివర మాత్రమే సాగుతాయి. మాట చివర సాగిన అచ్చు, దానికి ప్రత్యయం అతికినా సాగే ఉంటుంది. దురాశ అనే "గ్రీడ్" పొట్టిగా "గ్రిడ్" వైపుకొస్తుంది. ఒప్పుకున్నారు అనే "అగ్రీడ్" మాత్రం సాగుతుంది, ఎందుకంటే అది "అగ్రీ"కి తోక తగిలించిన మాట. ఇంగ్లండ్‌వాళ్ళకే పట్టుబడని ఈ తేడా తెలుగువాళ్ళకి ఒక పూటలో వస్తుంది. దానికి బదులన్నట్టు, లాగడమనే "పుల్", ఈతకొట్టే "పూల్" అక్కడ ఒకేలా పలకాలి. అది మనకి గిట్టదు, నోరు దానంతటదే దీర్ఘం పెట్టేస్తుంది.

ఎక్కడైనా దిద్దుకోవాల్సినవి

కొన్ని ఏ ఊళ్ళోనూ చెల్లవు. అన్నిటికంటే ముందు వ. పడమర అనే "వెస్ట్", లోపల తొడుక్కునే "వెస్ట్" తెలుగులో రాస్తే ఒకటే, అసలు మన లిపే ఈ తేడాను దాచేస్తుంది. మొదటిదానికి పెదవులు సున్నాలా చుట్టాలి, పళ్ళు తగలకూడదు. రెండోదానికి పైపళ్ళు కింది పెదవి మీద ఆనించి గొంతుతో ఊదాలి. మన వ రెండింటికీ మధ్యలో ఉంటుంది కాబట్టే కష్టం. అసలు లేని శబ్దం కంటే దాదాపు ఉన్న శబ్దాన్ని దిద్దుకోవడమే కష్టమని ఉచ్చారణ మీద పనిచేసినవాళ్ళకి తెలుసు.

తర్వాత ఊపిరి. మాట మొదట నొక్కి పలికే ప, ట, క లతో ఒక పిడికెడు గాలి బయటికి రావాలి. లేకపోతే "ప్యాక్" అన్నది "బ్యాక్"లా వినపడుతుంది. పల్చటి కాగితాన్ని నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకుని "పిన్" అంటే అది ఊగాలి, "స్పిన్" అంటే ఊగకూడదు.

"జూ"లో మొదటి శబ్దానికి మనం "జడ"లోని జ వాడతాం. అందులో నాలుక ఒక్కసారి తగిలి విడిపోతుంది. తగలకూడదు. "స్‌స్‌స్" అని సాగదీస్తూ మధ్యలో గొంతు కలపండి. గొంతు మీద వేలు పెడితే అదురు తెలుస్తుంది, ఆ అదురు మొదలయ్యాక వినపడేదే కావాల్సిన శబ్దం.

మాట మొదట ఎ, ఒ వస్తే మన నోరు ముందు ఒక య, ఒక వ చేరుస్తుంది: "యెగ్", "వోన్లీ". తూర్పు అనే "ఈస్ట్", పులియబెట్టే "యీస్ట్" వేరుగా వినిపిస్తున్నాయా అని రికార్డు చేసుకుని చూడండి. వినిపించకపోతే "హీస్ట్" అనబోయి హ మింగేసినట్టు మొదలుపెట్టాలి. ఇక మాట చివర "బస్సు", "బుక్కు" ఉకారం సంగతి అందరికీ తెలిసిందే. తెలిసినా ఫోన్లో తొందరపడ్డప్పుడు తిరిగొస్తుంది.

ఇరవైనాలుగు వరసల కాగితం

అచ్చుల కోసం జాన్ వెల్స్ అనే భాషాశాస్త్రవేత్త 1982లో పెట్టిన పద్ధతి కంటే మంచిది లేదు. ఇంగ్లీషు మాటల్ని అచ్చును బట్టి 24 గుంపులు చేసి, గుంపుకొక మాటను పేరుగా పెట్టారాయన: కిట్, డ్రెస్, ట్రాప్, స్ట్రట్, ఫుట్, బాత్, నర్స్, ఫేస్, గోట్, ప్రైస్ ఇలా. కాగితం మీద 24 వరసలు గీసి, ఒక్కో వరసకి ఐదారు మాటలు రాసుకుని, మీ మూడు నిమిషాల ముక్కలో అవి దొరికినచోటల్లా ఎలా వినపడ్డాయో తెలుగులోనే రాసుకోండి. అక్షరం చాలకపోతే పక్కన బాణం గీయండి: నోరు ఇంకా తెరవాలా, పెదవులు చుట్టాలా. అన్ని వరసలూ మార్చనక్కర్లేదు. ఆరేడు కుదిరితే ఏ ఊరో తెలిసిపోతుంది.

ఉత్తర ఇంగ్లండ్‌కి రెండు వరసలు ప్రాణం. స్ట్రట్ వరస ఫుట్‌లో కలిసిపోతుంది: "కప్" అన్నది "కుప్"కి, "బస్" అన్నది "బుస్"కి దగ్గర. మన ఉ కంటే పెదవులు వదులుగా ఉండాలి. బాత్ వరస ట్రాప్‌లో కలుస్తుంది: "గ్రాస్", "లాస్ట్", "డాన్స్" అన్నీ "బ్యాట్" వరసలో పొట్టిగా. సూత్రం తెలియగానే చేతికొచ్చిన మాటనల్లా మార్చేస్తే చిక్కు. "ఫాదర్", "పామ్", "హాఫ్", "కాన్ట్" ఉత్తరాన కూడా దీర్ఘంగానే ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు "వన్"ని "వున్" అనేస్తారు, కానీ అక్కడ చాలామంది నోట అది "గాన్"తో ప్రాస కుదిరేలా పలుకుతుంది. సూత్రంతో పాటు మినహాయింపులు కూడా అదే కాగితం మీద ఎర్ర ఇంకుతో ఉండాలి.

అమెరికా దక్షిణాన ప్రైస్ వరసలో ఐ జారకుండా ఆ దగ్గరే నిలబడిపోతుంది: "టైమ్" దాదాపు "టామ్". ఇది మాట చివర, నాదమున్న హల్లుల ముందు జరుగుతుంది. "లైట్", "రైస్"లలో ఆ మార్పు అన్ని ప్రాంతాల్లో ఉండదు, మీ ముక్కలో విన్నాకే చేయండి. పెన్, పిన్ కూడా అక్కడ చాలామందికి ఒకటే. అయితే ఆ కలయిక న, మ ల ముందు మాత్రమే, "పెట్", "పిట్" వేరువేరే. ఆస్ట్రేలియా "డే"ని "డై" అనడం తెలిసీ తెలియని అనుకరణ. అది "బ్యాట్"లోని అచ్చు దగ్గర మొదలై ఇ వైపు పోతుంది. లివర్‌పూల్‌లో నర్స్, స్క్వేర్ వరసలు కలిసిపోతాయి. మాట చివరి క గొంతులో గరగరగా ఊదినట్టవుతుంది, అదే మాట మొదట పెడితే నాటకం ఆడుతున్నట్టుంటుంది.

ర ఉన్న ఊరా, లేని ఊరా

స్పెల్లింగులో అచ్చు తర్వాత ర ఉంటే పలకాలా వద్దా అన్నది మొదటిరోజే తేల్చుకోవాలి. స్కాట్లాండ్, ఐర్లండ్, కెనడా, అమెరికాలో అత్యధిక భాగం పలుకుతాయి. ఇంగ్లండ్‌లో చాలా భాగం, వేల్స్‌లో చాలా భాగం, ఆస్ట్రేలియా పలకవు. పలకని చోట "కార్ పార్క్" అన్నది దీర్ఘాలతో "కా పాక్" అవుతుంది. కానీ తర్వాతి మాట అచ్చుతో మొదలైతే ర తిరిగొస్తుంది, "కార్ ఈజ్"లో ర వినపడాలి. "వెరీ", "స్టోరీ"లలో ర ఎక్కడా పోదు. ఒక వాక్యంలో ర పలికి, ఇంకో వాక్యంలో మింగేస్తుంటే ఏ ఊరి యాసా కాకుండా పోతుంది. అచ్చులు ఎంత బాగున్నా ఈ ఒక్కదానితో పాడవుతుంది.

నొక్కు, నడక, రాగం

యాసలో చెవికి ముందు తగిలేది నడక. తెలుగులో గురువు గురువే, లఘువు లఘువే, ఎవరి మాత్రలు వాళ్ళవి. ఇంగ్లీషులో నొక్కు పడిన అక్షరం తన పక్కవాటిని తినేస్తుంది. "ఫొటోగ్రాఫ్"లో నొక్కు మొదటి అక్షరం మీద, "ఫొటోగ్రఫీ"లో రెండోదాని మీద, "ఫొటోగ్రాఫిక్"లో మూడోదాని మీద. నొక్కు పడనివి తొందరగా మాట్లాడేటప్పుడు మన "అడిగినాడు"లో మధ్య ఇ నలిగిపోయినట్టు నలిగిపోవాలి.

సాధన బల్ల మీద చేయాలి. "ఐ వాజ్ గోయింగ్ టు ఆస్క్ హర్ ఫర్ ఇట్" అనే వాక్యానికి దెబ్బలు రెండే: "గో" మీద ఒకటి, "ఆస్క్" మీద ఒకటి. సమానంగా రెండు దెబ్బలు కొడుతూ మిగతా మాటలన్నిటినీ ఆ సందుల్లో కుక్కండి. కుక్కలేకపోతున్నారంటే "టు", "ఫర్"లని ఇంకా పూర్తిగా పలుకుతున్నారన్నమాట. దీనివల్ల అర్థం కూడా తారుమారవుతుంది. అమెరికాలో "ఐ క్యాన్ డూ ఇట్"లో "క్యాన్"ని నిండుగా పలికితే, చేయలేనన్నారేమో అనుకుంటారు. చేయగలను అన్నప్పుడు అది "కన్" అని నలిగిపోవాలి.

రాగానికొస్తే, బెల్‌ఫాస్ట్, గ్లాస్గో, లివర్‌పూల్, న్యూకాజిల్‌లలో మామూలు సంగతి చెప్పేటప్పుడు కూడా వాక్యం చివర గొంతు పైకి లేస్తుంటుంది. కొత్తగా విన్నవాళ్ళు ప్రశ్న అనుకుని జవాబు చెప్పేస్తారు. దీన్ని మాటలతో నేర్చుకోవద్దు. పది సెకన్ల ముక్క విని, నోరు మూసుకుని హమ్ చేయండి, తర్వాత కాగితం మీద గీత గీయండి. కంటితో చూడాలనుకుంటే ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గొంతు ఎత్తుపల్లాలను గీతగా చూపిస్తుంది. అసలు ముక్క గీత, మీ గీత ఒకదాని కింద ఒకటి పెట్టుకుంటే ఎక్కడ లేవాలో ఎక్కడ పడాలో చెప్పేవాళ్ళు అక్కర్లేదు.

రోజుకి ఇరవై నిమిషాలు

నెలరోజులపాటు అదే మూడు నిమిషాల ముక్క. రోజూ కొత్తది వింటే సరదాగా ఉంటుంది గాని నోటికేం అంటదు. మొదటి ఐదు నిమిషాలు నోరు మెదపకుండా వినడం. తర్వాతి ఐదు ఒకే ఒక్క శబ్దం మీద, ఆ వారమంతా అదే. తర్వాత ఎనిమిది పది మాటల వాక్యం ఒకటి తీసుకుని, అవతలి గొంతుకి అర సెకను వెనకే నీడలా పలకడం. అందకపోతే వేగం 0.75కి తగ్గించండి, అంతకన్నా తగ్గిస్తే అచ్చులు సాగిపోయి తప్పు నేర్పుతాయి. చివరి ఐదు నిమిషాలు రికార్డు చేసుకుని పక్కపక్కనే పెట్టి వినడం. ఈ భాగాన్నే అందరూ ఎగ్గొడతారు, తన గొంతు తనకి నచ్చదు కాబట్టి.

వారానికోసారి ఆ ముక్కలోని సంగతిని సొంత మాటల్లో ఒక నిమిషం చెప్పి రికార్డు చేయండి. నీడలా పలికినప్పుడు వచ్చినదంతా ఇక్కడ సగానికి సగం జారిపోతుంది. జారినవేవో వచ్చే వారం పని.

జనం మధ్యకి తెచ్చేటప్పుడు మూడు నాలుగు స్థిరమైన మాటలతో మొదలుపెట్టాలి: పలకరింపు, కృతజ్ఞత, ఫోనెత్తగానే అనేది. అవి ఆలోచించకుండా వచ్చాక పక్క వాక్యాలకి పాకనివ్వండి. సోమవారం పొద్దున ఆఫీసుకి కొత్త గొంతుతో వెళ్తే పక్కవాళ్ళు తమని ఎగతాళి చేస్తున్నారనుకుంటారు. ఎదుటి మనిషి పలుకునే అప్పటికప్పుడు వాళ్ళ మొహం మీదే తిప్పి పలకడం అన్నిటికన్నా చెడ్డది. చిగురు ట, నడక, ర లాంటివి ఎవరూ ప్రత్యేకంగా గమనించరు, వాటిని ముందు తేవచ్చు. వాటర్‌లో ట గొంతులోనే మింగేయడం లాంటివి కొన్నిచోట్ల ఆ ఊళ్ళోవాళ్ళే చిన్నచూపు చూసే లక్షణాలు, వాటిని చివరికి ఉంచండి.

ఎంతవరకు వెళ్ళాలన్నదానికి 1995లో మర్రే మన్రో, ట్రేసీ డెర్వింగ్ ప్రచురించిన పరిశోధన గుర్తుంచుకోదగ్గది: పరాయి యాస చాలా ఎక్కువగా ఉందని వినేవాళ్ళు అన్న మాటలు కూడా వాళ్ళకి పూర్తిగా అర్థమవుతూనే ఉండొచ్చు. అందుకని అర్థానికి అడ్డొచ్చే వ, ఊపిరి, నొక్కు ముందు. ఊరి అచ్చులు మీ సరదాని బట్టి. ఐఎల్టీఎస్ మాట్లాడే పరీక్షలో ఉచ్చారణకి నాలుగో వంతు మార్కులుంటాయి, అదీ ప్రధానంగా స్పష్టతకే. ఊరి యాసకి అదనంగా ఏమీ రాదు.

ఒకచోట మాత్రం అందరికీ యాస ఠక్కున తెగిపోతుంది: సొంత పేరు చెప్పేటప్పుడు. గ్లాస్గో నడకలో సాగుతున్న వాక్యం పేరు దగ్గరకు రాగానే తెలుగులోకి దిగి, తర్వాత రెండు మూడు మాటలదాకా తిరిగి ఎక్కదు. పేరుని విరిచి ఇంగ్లీషు చేయనక్కర్లేదు. పేరుకి ముందు చిటికెడు ఆగి, తెలుగులోనే నిండుగా పలికి, ఆ తర్వాతి మాటని నొక్కుతో మొదలుపెట్టాలి. "మై నేమ్ ఈజ్" నుంచి పేరు తర్వాత వచ్చే ఊరూ పనీ దాకా మొత్తం ఒకే వాక్యంగా యాభైసార్లు రికార్డు చేసుకుంటే ఆ అతుకు కనపడకుండా పోతుంది.